డెహ్రాడూన్ గుమ్మంలో గోటి తలంబ్రాలు

ఈ ప్రయాణానికి నేను రెండు సంచులతో బయలుదేరాను. ఒకదాంట్లో స్వెట్టర్లు, మా మరదలు చేసిచ్చిన సకినాలు. రెండోదాంట్లో వడ్లు.

వడ్లెందుకో తెలియనివాళ్లకు చెప్పాలి. భద్రాచలంలో శ్రీరామనవమినాడు స్వామివారి కల్యాణానికి వాడే తలంబ్రాల కోసం కొందరు భక్తులు గోటితో బియ్యం ఒలిచి పంపుతారు. రోకలి తగలకూడదు, మర తగలకూడదు, పంటితో కొరకకూడదు. స్నానం చేసి, నోట నామం పలుకుతూ ఒక్కొక్క గింజ పొట్టు తీయాలి. విరిగిన గింజ పనికిరాదు. పాల్వంచలో మేముండే కాలనీ రామాలయంలో మా భజన బృందం ఏటా ఈ పని పెట్టుకుంటుంది. చిన్నప్పుడు మా నాయన పక్కన కూర్చుని పురాణం విన్నదాన్ని, ఇప్పుడు శనివారాలు అదే గుడిలో నేను చెబుతున్నాను. వడ్లు మాత్రం మా తమ్ముడు రాఘవవి. చండ్రుగొండలో తన పొలంలో ఒక చిన్న మడి దీనికోసమే వేరుగా పండిస్తాడు. ఇస్తాడు గానీ ఒలవడు. "నా గోర్లు మొద్దువక్కా. మట్టికి పనికొస్తయి, రాముడికి పనికిరావు" అంటాడు.

రాఘవ ఒక్కగానొక్క బిడ్డ శ్రావణి డెహ్రాడూన్‌లో బీఎస్సీ ఫారెస్ట్రీ మొదటి సంవత్సరం చదువుతోంది. జనవరి చలిలో జ్వరం వచ్చి మంచాన పడింది. ఆ సంగతి ఇంట్లో తెలిసింది తగ్గిన తర్వాతే. పైగా పరీక్షలున్నాయని, ఈసారి నవమికి రాలేనని ఫోన్లో చెప్పింది. రాఘవకు కాలు నిలవలేదు. మిర్చి ఏరించే రోజులు కాబట్టి పొలం వదిలి కదలలేడు. నా దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నువ్వు పోయి చూడు. చూసుడేంది, తోల్కరా. మనకాడ కాలేజీలు లేవా?"

"పిల్ల ఇష్టపడి పోయింది గదరా."

"జ్వరమొస్తే మంచినీళ్లిచ్చే మనిషి లేని ఊర్ల ఇష్టం పెట్టుకొని ఏం జేస్తది?"

తిరుగు టికెట్లు రెండు తీశాడు. ఒకటి నాకు, ఒకటి శ్రావణికి. నిజం చెప్పాలంటే నాకూ అదే మంచిదనిపించింది. నవమికి రానన్న మాట నాలో ముల్లులా ఉండిపోయింది.

బయలుదేరేముందు మా బృందం పెద్ద రంగమ్మగారిని అడిగాను. "రైల్ల ఒలిస్తే పనికొస్తదా అమ్మా?"

"నోట్ల నామం ఉంటే రైలైనా గుడే. కాళ్లు మాత్రం తగలనియ్యకు" అన్నారు.

రైల్లో ఒక పెళ్లి ముచ్చట

ఖమ్మంలో ఎక్కాను. వరంగల్ దాటి, అడవి మొదలయ్యేసరికి కిటికీ బయట మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఇత్తడి పళ్లెం ఒళ్లో పెట్టుకుని, పసుపు గుడ్డ విప్పి పనిలో పడ్డాను. ఇంటి దగ్గర ఒలిచినవి ఒక మూటలో, ఒలవాల్సినవి ఇంకో మూటలో ఉన్నాయి.

ఎదుటి సీట్లో ఒక పెద్దమనిషి. పేరు నేగీ. సైన్యంలో చేసి రిటైరయ్యాడు. సికింద్రాబాద్‌లో కొడుకు దగ్గర కొన్నాళ్లుండి, వరంగల్‌లో ఈ రైలెక్కి పౌడీ కొండల్లోని సొంత ఊరికి వెళ్తున్నాడు. చాలాసేపు నా వేళ్లనే చూశాడు. ఆయన అడిగింది హిందీలో, నేను జవాబు చెప్పింది మన ఖమ్మం హిందీలో. కిరాయి, దవాఖానా, జల్దీ అనే మాటలు మనం తెలుగులోనే రోజూ వాడతాం కదా, వాటితోనే సగం దారి గడిచింది. మాటలు మన భాషలోనే రాస్తున్నాను.

"బెహెన్‌జీ, ఈ లెక్కన వంట ఎప్పుడవుతుంది?"

"వంటకు కాదు. పెళ్లికి."

"ఎవరి పెళ్లి?"

"రాముడిది."

"అరే, ఆయనకు ఇంకా కాలేదా?"

"మా ఊరి దగ్గర ఏటా చేస్తాం. మీరూ రండి."

ఆయన పకపకా నవ్వాడు. నవ్వి, కింద చాచిన కాళ్లు మడిచి పైకి పెట్టుకున్నాడు. నేనేమీ చెప్పలేదు, ఆయనకే తోచింది. ఆ తర్వాత ఎవరు ఆ పక్కకు వచ్చినా, టీ అమ్మేవాడితో సహా, "అటునుంచి పో భాయ్, ఇక్కడ పెళ్లి పని నడుస్తోంది" అని మళ్లించాడు.

నేను ఎందుకు వెళ్తున్నానో విన్నాక మాత్రం నవ్వలేదు. "మేం మా పిల్లల్ని చదువు కోసం కొండ దింపుతున్నాం. మా ఊళ్లో సగం ఇళ్లకు తాళాలే. మీరేమో కొండ ఎక్కించారు. ఎక్కించిన పిల్లను దింపడానికి వెళ్తున్నారా?" అన్నాడు. నేను గింజ మీదినుంచి తల ఎత్తలేదు.

మర్నాడు రైల్లో స్నానం కుదరదు కాబట్టి మూట విప్పలేదు. నేగీగారికి అది వెలితిగా తోచినట్టుంది. "ఈరోజు సెలవా?" అని రెండుసార్లు అడిగాడు.

ఉలవలు అక్కడ కూడా ఉలవలే

డెహ్రాడూన్ స్టేషన్లో శ్రావణి ఎదురొచ్చింది. సన్నబడింది, కానీ బుగ్గలు మన ఎండలో ఎప్పుడూ లేనంత ఎర్రగా ఉన్నాయి. మా పాల్వంచలో ఈ రోజులకు పొద్దున్నే ఫ్యాన్ వేస్తాం. అక్కడ శాలువా కప్పుకుని ఆటోలో కూర్చున్నా చెవులు జిల్లుమన్నాయి. నగరం మధ్యలోంచి వెళ్తుంటే మనకు తెలిసిన గోలే, అవే హారన్లు, అవే కోచింగ్ బోర్డులు. ఒక నది మీది వంతెన దాటాం. నది అన్నారు గానీ నీళ్ల కంటే ప్లాస్టిక్ సంచులే ఎక్కువ కనిపించాయి. ఇదేనా కొండల ఊరు అనుకున్నాను. అంతలో ఒక మలుపు తిరిగాక, వీధి చివర ఏదో నీలం గోడ కట్టినట్టు కొండ నిలబడి ఉంది. ఆ తర్వాత ఏ వీధిలోకి తిరిగినా అది ఉండనే ఉంది.

శ్రావణి ఉండే ఇల్లు రాజ్‌పూర్ వైపు ఎగువ సందులో ఉంది. ఇంటామె విమలా రావత్. భర్త పోయాక పైఅంతస్తు చదువుకునే అమ్మాయిలకు కిరాయికిచ్చి, వాళ్లకు వండిపెట్టి బతుకుతోంది. పైకి వెళ్లగానే శ్రావణి గది చూశాను. పుస్తకాలు దొంతర పెట్టి ఉన్నాయి. బట్టలన్నీ మడిచి మంచం మీదున్నాయి. పెట్టె తెరిచి ఉంది.

"అత్తమ్మా, తోల్కపోనీకి వచ్చినవా, చూడనీకి వచ్చినవా?"

"చూడనీకే."

"మరి నాయిన రెండు టికెట్లెందుకు తీసిండు? అమ్మ చెప్పింది."

"ముందు నీళ్లియ్యి" అన్నాను. అది వేడినీళ్లు తెచ్చిచ్చింది. అక్కడ అందరూ వేడినీళ్లే తాగుతారు.

మధ్యాహ్నం విమల భోజనం పెట్టింది. చిక్కటి పప్పు ఒకటి నోట పెట్టగానే ఇల్లు గుర్తొచ్చింది. ఆమె దాన్ని గహత్ అన్నది. మన ఉలవలు. మనం ఉలవచారు కాచి దాంట్లో చింతపండు వేస్తాం, వాళ్లు చింతపండు మాటే ఎత్తరు. రొట్టెలు నల్లగా ఉంటే ఏమిటా అని చూస్తే మన రాగులే. ఇంత దూరం వచ్చి మా అమ్మమ్మ తిండి తింటున్నానా అనిపించింది. పక్కన ఒక పచ్చడి వేసింది, కమ్మగా, కాస్త పుల్లగా ఉంది. రెండోసారి వేయించుకుని, దేంతో చేశారని అడిగాను.

"భంగు గింజలతో" అన్నది.

భంగు అంటే గంజాయి మొక్క. నా చేయి నోటి దగ్గర ఆగిపోయింది. శనివారం పురాణం చెప్పే నోరు!

శ్రావణి కడుపు పట్టుకుని నవ్వింది. "గింజల మత్తు ఉండదు అత్తమ్మా. నేను ఎన్నిసార్లు తిన్న, ఇప్పటిదాకా ఊగిన్నా?" విమల బెదిరిపోయి గిన్నె తీసేయబోయింది. నేనే ఆపాను. అయినా ఆ పూట పడుకునేముందు నామం మామూలు కంటే ఎక్కువే చేశాను.

చెట్ల కింద చదువు

మర్నాడు శ్రావణి నన్ను కాలేజీకి, అక్కణ్నుంచి అడవి అంచుకు తీసుకెళ్లింది. మన భద్రాచలం దారిలో టేకు ఎలాగో అక్కడ సాలవృక్షాలు అలా, నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి. ఆకు రాలుతూనే కొత్త ఆకు వస్తోంది. శ్రావణి నడుస్తూ ప్రతి చెట్టు పేరూ చెబుతోంది. మన పేరు, వాళ్ల పేరు, శాస్త్రం పెట్టిన పేరు. ఇంటి దగ్గర ఈ పిల్ల మాట బయటికి రావాలంటే రెండుసార్లు అడగాలి. అది ఇక్కడ ఆగకుండా మాట్లాడుతోంది.

"మొన్న క్లాస్‌ల ఇప్పపువ్వు గురించి వచ్చింది. సార్ కన్నా ముందు నేనే చెప్పిన. మా ఊరికాడ గూడేలల్ల తెల్లారకముందే గంపలు పట్టుకొని ఏరనీకి పోతరని. రాలిన పువ్వే ఏరుతరు, కొమ్మ తెంపరని. అందరు నా దిక్కే చూసిన్రు."

"సిగ్గు పడ్డవా?"

"అవ్. కని మంచిగనిపించింది. అక్కడున్నన్ని రోజులు ఇప్పచెట్టును నేను సరిగ చూడనే లేదత్తమ్మా. ఇక్కడికొచ్చినంకనే చూసిన."

చెట్ల కింద అమ్మాయిలు, అబ్బాయిలు గుంపులుగా కూర్చుని చదువుకుంటున్నారు. ఒకరిది మణిపూర్ అట, ఒకరిది కేరళ. ఆ కేరళ అమ్మాయి నా ఉన్ని టోపీ చూసి తనదీ తీసి చూపించి నవ్వింది. మేమిద్దరం చలికి కొత్తవాళ్లం. సాయంత్రం బజారులో ఆవిరికుడుములు, మోమోలంటారు, పళ్లెం కొన్నాం. మన ఊళ్లో మిర్చిబజ్జీల ఖర్చే అవుతుంది. పొద్దు వాలాక కూడా ఆడపిల్లలు ఇద్దరిద్దరుగా, ఒంటరిగా, పుస్తకాలు గుండెకు పెట్టుకుని ఎత్తు వీధుల్లో నడిచి వెళ్తున్నారు. ఎవరికీ తొందర లేదు. పైన కొండ మీద ముస్సోరీ దీపాలు ఒక్కొక్కటి వెలిగాయి. ఎవరో కార్తీక దీపాలు పెట్టి మర్చిపోయినట్టు అవి అలా ఉండిపోయాయి. కొండల ఊళ్లో చదువుకోవాలని పిల్లలు ఎందుకు కొట్లాడతారో నాకు అక్కడ కొంత అర్థమైంది. తల ఎత్తినప్పుడల్లా నీకంటే పెద్దది ఒకటి కనిపిస్తుంది. గుడికి వెళ్తే కలిగే బుద్ధి అది.

అయినా నా మనసు తేలలేదు. ఊరు మంచిదే, చదువూ మంచిదే. కానీ ఎవరున్నారు ఇక్కడ ఈ పిల్లకు?

"జ్వరం ముచ్చట ఎందుకు చెప్పలేదే?" అని అడిగాను.

"చెప్తే నాయిన బండెక్కుతడు. ఇగ నా చదువు అయిపోయినట్టే. ఆంటీ ఉన్నది గద. కింది నుంచి పరుపు తెచ్చుకొని నా పక్కన్నే పండుకున్నది."

రాఘవ ఫోన్ చేశాడు. "ఏందక్కా, సామాన్లు సర్దుతున్నదా?"

"చూస్తున్నరా."

"ఇంకేం చూస్తవు? కొండలేడికి పోవు."

గుమ్మం మీది పూలు

ఆ మరుసటి పొద్దున స్నానానికి వెళ్లాను. అంతకుముందే, ఎండ తగులుతుందని, ఒలిచిన బియ్యం పళ్లెం కింద వీధి గుమ్మం పక్కన కిటికీ అరుగు మీద పెట్టి, పైన పసుపు గుడ్డ తీసి పక్కన మడిచాను. మంచుకు బియ్యం మెత్తబడకూడదని నా ఆలోచన.

బయట పిల్లల పాట వినిపించింది. తల తుడుచుకుంటూ వచ్చేసరికి గుమ్మం నిండా పూలు. పసుపుపచ్చ పూలు, కొండ మీది ఎర్రపూలు, పీచ్ చెట్టు గులాబీ పూలు. ఐదారుగురు చిన్నపిల్లలు బుట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. విమల నా పళ్లెం చేతిలో పట్టుకుని, ఒక్కొక్క బుట్టలో పిడికెడు పిడికెడు పోస్తోంది.

"అయ్యో రామా!" అని అరిచాను. అరుపు తెలుగులో వచ్చింది గానీ అది ఎవరికైనా అర్థమవుతుంది. పిల్లలు బిక్కచచ్చిపోయారు. విమల చేయి గాల్లోనే ఆగిపోయింది.

సంగతి ఇది. కొండ ప్రాంతంలో, వాళ్ల లెక్కన చైత్రం మొదటి రోజు పూల పండుగ. తెల్లవారుతూనే పిల్లలు పూలు కోసుకొచ్చి ఇంటింటి గుమ్మంలో పెడతారు, ఇల్లు చల్లగా ఉండాలని పాడతారు. ఇంటివాళ్లు వాళ్లకు బియ్యం, బెల్లం పెట్టాలి. ఆ బియ్యం పళ్లెంలో పోసి ముందే గుమ్మం దగ్గర ఉంచుకుంటారు. పండుగనాడు గుమ్మం దగ్గర ఇత్తడి పళ్లెంలో కడిగిన ముత్యాల్లాంటి బియ్యం చూసి విమల ఏమనుకుంటుంది? దక్షిణాది నుంచి వచ్చినామె మా పండుగ తెలుసుకుని, మా పిల్లల కోసం బియ్యం తీసి పెట్టిందనుకుంది. "ఒక్క నూక లేదు. నాకు కళ్లనీళ్లొచ్చాయి. మా బియ్యం లోపలే ఉంచేశాను, మీవే పోశాను" అన్నది తర్వాత.

శ్రావణి గబగబా హిందీలో ఆమెకు చెప్పింది. ఆ బియ్యం ఏమిటో, ఎలా ఒలిచామో, ఎవరి కోసమో. విమల ముఖం పాలిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, పిల్లల ముందు కూర్చుని బుట్టలు వెనక్కి అడిగింది. అన్నిటికంటే చిన్న పిల్ల, ఆరేళ్లుంటాయేమో, తన బుట్ట నా ముందుకు చాచింది. దాంట్లో నా బియ్యం, పక్కింటి బియ్యం, బెల్లం ముక్కలు, రాలిన పూరేకులు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. పసుపు రేకులు అంటుకుని బియ్యం అప్పుడే తలంబ్రాల్లా ఉన్నాయి.

తీసుకోమని ఆ పిల్ల ఇంకా చేతులు చాచే ఉంది.

ఎన్ని శనివారాలు చెప్పాను, ఇచ్చిందాన్ని వెనక్కి అడగకూడదని. నేను బుట్టలోంచి ఒక పువ్వు తీసుకున్నాను. "పోమ్మా, ఇంకా ఇళ్లున్నాయిగా" అన్నాను. ఆ పిల్ల వెంటనే వెళ్లలేదు. లోపలి మెట్లెక్కి పైఅంతస్తుకు పోయింది. వెనకాలే మిగతా పిల్లలు. వెళ్లి చూస్తే, శ్రావణి గది గుమ్మంలో కూడా పూలు పెడుతున్నారు. పక్క గది గుమ్మంలోనూ పెట్టారు. కిరాయికున్న పిల్లల గదులు. ఎవరూ చెప్పలేదు వాళ్లకు. ఆ వీధి లెక్కలో అవి కూడా ఇళ్లే.

శ్రావణి తెరిచి ఉన్న పెట్టె ఆ గుమ్మంలోంచి కనిపిస్తోంది. నేను లోపలికి వెళ్లి దాని మూత వేశాను.

డాబా మీద

పళ్లెంలో సగమే మిగిలింది. ఇంకో మూటలో ఒలవాల్సిన వడ్లు కొన్ని ఉన్నాయి. విమల తలంటుకుని వచ్చి నా ఎదుట కూర్చుంది. "నేర్పండి. నేను పోసింది నేనే ఒలుస్తాను." శ్రావణి, దాని పక్క గది అమ్మాయి బబీత కూడా వచ్చారు. డాబా మీద ఎండలో నలుగురం కూర్చున్నాం. వాళ్లు ఒలిచిన దానికంటే విరగ్గొట్టిందే ఎక్కువ. బబీత ప్రతి గింజకూ "రామ్, రామ్, అయ్యో, విరిగింది" అనేది. అదే దాని నామమైపోయింది.

ఇంటి దగ్గర శ్రావణి ఏనాడూ ఈ పనికి కూర్చోలేదు. ఇక్కడ తల వంచుకుని ఒలుస్తూ అడిగింది. "అత్తమ్మా, నేను ఇక్కడ గుడికి సరిగ పోతలేను. పొద్దుగాల నడుస్తుంటే చెట్ల పేర్లు నోట్ల అనుకుంట పోత. ఒక్కోసారి అదే నామం లెక్కనే అనిపిస్తది. తప్పా?"

"తప్పు లేదు. ఆ చెట్లను చేసినాయన్ని కూడా నడుమ నడుమ పిలువు."

ఫోన్ మోగింది. రాఘవ. నేను డాబా చివరకు వెళ్లాను.

"నేనొక్కదాన్నే వస్తున్నరా."

"టికెట్ రెండున్నయి గదక్కా" అన్నాడు.

"రాఘవా, చిన్నప్పుడు నాయిన చెప్పేటోడు యాదికున్నదా? ముని వచ్చి రాముణ్ని తనతోని అడవికి పంపమని అడిగితే తండ్రి ఏమన్నడు? పసిపిల్లగాడు, పంపనన్నడు. గురువు చెప్పినంకనే పంపిండు. ఆ అడవిల రాముడు విద్య నేర్సిండు. అటు నుంచి అటే మిథిలకు పోయిండు. ఆ తండ్రి ఆ రోజు పంపకపోతే కల్యాణమేడిది? తలంబ్రాలేడియి? నువ్వు ఆ మడి ఎవరికోసం పండిస్తున్నవు?"

ఫోన్లో గాలి శబ్దం వినిపించింది. మిర్చి చేలో ఉన్నట్టున్నాడు.

"నువ్వు పురాణం చెప్తవక్కా" అన్నాడు. "నాకు పిల్ల యాదికొస్తది."

ఫోన్ పెట్టేశాడు.

ఖాళీ బెర్తు

తిరుగు రైల్లో ఎదుటి బెర్తు కొంతసేపు ఖాళీగా ఉంది. తర్వాత ఎవరో కుటుంబం కూర్చుంది. ఖమ్మంలో దిగేసరికి రాఘవ ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. నా సంచి అందుకున్నాడు. నేను నడిచాను. నాలుగడుగులు వేసి తిరిగి చూస్తే, వాడు ఇంకా ఆ బోగీ తలుపు వైపే చూస్తున్నాడు. ఆఖరి మనిషి దిగేదాకా చూశాడు.

ఇద్దరం పాల్వంచ చేరాం. ఇంట్లో రంగమ్మగారు నా కోసం ఎదురుచూస్తున్నారు. ఊళ్ల నుంచి వచ్చిన మూటలన్నీ కలిపి భద్రాచలం పంపే రోజు దగ్గరపడింది. నా పసుపు గుడ్డ విప్పి చూశారు.

"ఇదేందమ్మా, సగమే ఉన్నది?"

జరిగింది చెప్పాను. పూల పిల్లల సంగతి, విమల సంగతి, విరగ్గొట్టిన బబీత సంగతి. విరిగిన గింజలు కూడా పొట్లం కట్టి తెచ్చానని చూపించాను. రంగమ్మగారు ఆ పొట్లం చేతిలోకి తీసుకున్నారు. తర్వాత దాన్ని మంచి బియ్యం పక్కన పెట్టారు. "ఇవి పరవాన్నానికి పోతయి తియ్యి. మిగిలిన సగం?"

నేను నోరు తెరిచేలోపు రాఘవ లేచాడు. పెరట్లోకి వెళ్లి కాళ్లూ చేతులూ కడుక్కున్నాడు. మళ్లీ ఏమనుకున్నాడో, బావి దగ్గరే నిలబడి తలమీదినుంచి నీళ్లు పోసుకున్నాడు. తడి తువ్వాలుతో వచ్చి, సంచిలో మిగిలిన వడ్లు పళ్లెంలో పోసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"రాముడా" అని ఒక గింజ తీసుకున్నాడు. మిరప పండ్ల రంగు అంటిన మొద్దు గోరు. గింజ విరిగింది.

దాన్ని పక్కన పెట్టి రెండోది తీశాడు.